చిన్న ఫోనునకు తలుపు మూయదగునా?

బండి కొనువాడు దారి తన బండికి తగియున్నదా యని యడుగడు. దారి యందఱి బండ్లకును వేయబడియుండును. కాని నేడు ఫోను కొనువాడు లోకవ్యవహారమంతయు తన ఫోనునకు తగియున్నదో లేదో యని భయపడవలసి వచ్చినది.

ప్రతి ఫోనునందును, కంప్యూటరునందును యంత్రమునకును మనకును నడుమ మధ్యవర్తి యొకటి యుండును. దానికే ఆపరేటింగ్ సిస్టమని పేరు. ఒకదానికొఱకు వ్రాసిన ప్రోగ్రాము సాధారణముగా వేఱొకదానిపై నడవదు. మన దేశమందలి స్మార్టు ఫోనులలో పదింట తొమ్మిదింటికి మించి ఆండ్రాయిడ్ నడుచుచున్నది. సాఫ్టువేరు సంస్థలు దానికిని, కలవారి ఐఫోనునకును వ్రాసి, తక్కినవానిని గూర్చి యడిగినచో “వాడువారు కొద్దిమంది” యని చెప్పి తప్పించుకొనుచున్నవి. వాడువారు లేరని వ్రాయరు. వ్రాసినవి లేవని జనులు వాడరు. ఈ బీజవృక్షన్యాయమున నష్టపడువాడు బీదవాడే.

అరకులోయ, అనంతగిరి, పాడేరు ప్రాంతముల కొండపల్లెలను తలచుకొనుడు. సిగ్నలుకై గుట్ట యెక్కవలసిన చోట్లు అచట నేటికిని కలవు. అట్టివారికి మీటల ఫోను సుఖము: వెల స్వల్పము, ఒక్కసారి చార్జి చేసిన దినముల తరబడి నిలుచును. 2017లో వెలువడిన జియోఫోను అట్టిది. అందు నడుచునది కైఓఎస్. 2018 సెప్టెంబరులో వాట్సాపు దానికి వచ్చెను. అక్షరము రానివారును గొంతుతో కబురంపుకొనగల్గిరి. 2024 జూనులో ఆ సంస్థయే కైఓఎస్‌పై క్రొత్తవారికి తలుపు మూసి, పాతవారికి మఱుసటి యేటి యారంభమువఱకే గడువిచ్చెను. ఫోను చెడలేదు, మీటలరుగలేదు; ఎక్కడనో యొకరు లెక్కవేసి “మీరు కొద్దిమంది” యనిరి. అంతే!

ఇది ముచ్చట్ల కొఱతయే యైన నేనింత వ్రాయకపోదును. 2023 జనవరి 1 నుండి ఉపాధిహామీ సామూహిక పనులకు హాజరును దినమునకు రెండుమాఱులు ఛాయాచిత్రములతో మొబైలు యాపునందే నమోదు చేయవలెనని కేంద్రప్రభుత్వము నిర్బంధించెను. పాఱ పట్టి మన్ను త్రవ్విన చేతి కూలి, మేటు చేతనున్న ఫోను జాతిని బట్టి యుండుట న్యాయమా?

“సంస్థలు ధర్మసత్రములు కావు, ప్రతి వ్యవస్థకును వేఱుగ వ్రాయుట వ్యయము” అని కొందఱనవచ్చును. వ్యయమగుట నిజమే. కాని యసాధ్యమా? 2020 ఏప్రిలులో ఆరోగ్యసేతు యాపు పెద్ద ఫోనులకు వచ్చెను. మే నెలలోనే జియోఫోనునకును వచ్చెను. సామాన్యమైన ఫోనులవారికి 1921 అను సంఖ్య నేర్పడజేసిరి. 2022 మార్చి 8న రిజర్వుబ్యాంకు మీటల ఫోనులవారికిని యూపీఐ చెల్లింపులు అందునట్లు 123పే ఆరంభించెను. మనసుండిన మార్గమున్నదనుటకు వేఱు సాక్ష్యమేల?

“వారే పెద్ద ఫోను కొనరాదా?” యని మఱికొందఱందురు. గిడుగు రామమూర్తి పంతులు గారు సవరలను “ముందు తెలుగు నేర్చి రండు, పిమ్మట చదువు చెప్పెద” ననలేదు. తామే సవరభాష నేర్చి, వారి బిడ్డలకు వారి మాటలతోనే చదువు చెప్పించి, 1931లో ఆ భాషకు వ్యాకరణము వెలువరించిరి. ఉన్నవాడు లేనివాని గుమ్మమునకు నడచుటయే సంస్కారము.

అయినను కంపెనీలను తిట్టుటవలన కార్యము కాదు. మన మెందఱము, మన యంత్రమేది, ఏ పని యాగిపోవుచున్నది, తగు వెల యీయగలమా యను నంశములు వివరించి, పలువురము చేరి యుత్తరములు వ్రాయవలెను. ప్రతి వ్యవస్థకు వేఱు ప్రోగ్రాము వ్రాయలేమన్న, బహిరంగ ప్రమాణముల ననుసరించి తేలికయైన వెబ్‌పుట నిర్మింపుడని కోరవలెను. అది యే బ్రౌజరుననైనను తెఱచుకొనును. సేవ మానదలచిన, ముందుగా చాలినంత గడువిచ్చి, మూలరచనను బయటపెట్టి యితరులు నడుపుకొననిండని యడుగవలెను. ప్రభుత్వము 2010లో బహిరంగ ప్రమాణముల విధానమును, 2015లో ఓపెన్ సోర్సు విధానమును ప్రకటించినది గదా! ప్రజాధనముతో చేయించు ప్రతి ప్రోగ్రామునకును “చిన్న ఫోనుననుగూడ పని జరుగవలెను” అను షరతు ఒప్పందమునందే చేర్పించుట మన ప్రతినిధుల విధి.

చదువరులారా! మీ యింట పెద్ద ఫోనున్నది గావున ఈ బాధ మీకు తగులలేదు. మీరు ప్రొద్దుట త్రాగు కాఫీగింజ లేయే కొండవాలున పండినవో, అచటివారికి తగిలినది. బ్యాంకునకో, పాఠశాలకో, కార్యాలయమునకో ఏ యాపునుగూర్చి వ్రాసినను, “ఇది మీటల ఫోనున నడుచునా? లేనిచో ఫోనుచేసి చెప్పుకొను సంఖ్య యేది?” యను ప్రశ్న చేర్చుడు. ఒకరడిగిన నవ్వుదురు, నూర్గురడిగిన లెక్కవేయుదురు. వారికి తెలిసినది లెక్కయే గనుక, ఆ లెక్కయందు కొండపల్లెవారిని చేర్చుట మన పని.