చంకలో నొప్పి అంటే అంత చిన్నచూపా?

మన తెలుగులో చంకకు ఉన్నంత పని ఇంకే అవయవానికీ ఉన్నట్టు లేదు. బిడ్డను చంకనేసుకుంటాం. బిందెను చంకన పెట్టుకుంటాం. సంబరం పట్టలేకపోతే చంకలు గుద్దుకున్నామంటారు. పిల్లను చంకన పెట్టుకుని ఊరంతా వెతికిందని సామెత కూడా మన మీదే! ఇన్ని మాటలు ఉన్నాయి గానీ, ‘నాకు చంకలో నొప్పిగా ఉంది’ అని నలుగురిలో అనాలంటే మాత్రం నోరు పెగలదు. కాలు నొప్పి, నడుం నొప్పి, తలనొప్పి... ఇవన్నీ మర్యాదైన నొప్పులు. చంక నొప్పికి ఆ మర్యాద లేదు. అందులోనూ అది రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ తర్వాత వచ్చిన నొప్పయితే ఇక చెప్పేదేముంది? చుట్టూ ఉన్నవాళ్లు ఒక్కటే మాట అంటారు. ‘‘ప్రాణం దక్కింది, అది చాలు కదా!’’

ఆ మాట నాకు అసలు గిట్టదు. ప్రాణం దక్కడం సంతోషమే, కాదన్నదెవరు? కానీ దక్కిన ప్రాణంతో ఆమె రోజూ జడ వేసుకోవాలి, దండెం మీద బట్టలు ఆరేయాలి, అటక మీద డబ్బా దించాలి. చెయ్యి పైకి లేవకపోతే ఆ ప్రాణం ఏం చేసుకోవాలి?

మా పెద్దమ్మ కూతురు ఆళ్లగడ్డలో ఉంటుంది. నాకంటే ఆరేళ్లు పెద్ద. నాలుగేళ్ల కిందట కుడి రొమ్ములో గడ్డ అని తేలింది. ఊరి పేరు, ఆసుపత్రి పేరు వద్దులెండి. ఆపరేషన్ బాగానే చేశారు, చంకలో బిళ్లలు కూడా తీసేశారు. కుట్లు మానాయి, కీమో అయింది, రేడియేషన్ అయింది, జుట్టు మళ్లీ వచ్చింది. అందరూ అయిపోయిందనుకున్నారు. అక్కకు మాత్రం కాలేదు. చంక నుంచి మోచేతి దాకా లోపలివైపు మంట. చీర కొంగు రాసుకున్నా చీమలు కుట్టినట్టు ఉంటుందట. విచిత్రమేమిటంటే అక్కడ వేలు పెట్టి చూస్తే స్పర్శ లేదు! ‘‘తిమ్మిరెక్కిన చోట నొప్పేమిటే, ఎక్కడైనా విన్నామా’’ అని వాళ్ల అత్తగారు. చూపించుకోవడానికి వెళితే అక్కడివాళ్లు, ‘‘ఇది మామూలేనమ్మా, ఉంటుంది’’ అని మాట ముగించేశారు. మామూలే అయితే ఆ సంగతి ముందే ఎందుకు చెప్పలేదని అక్క అడగలేదు. మన ఆడవాళ్లు అడగరు కదా!

స్పర్శ లేనిచోట మంట ఎందుకో తెలుసుకుందాం. రొమ్ములో పుట్టిన క్యాన్సర్ బయటికి పాకాలంటే చాలాసార్లు మొదట చంకలోని లింఫు గ్రంథుల్లోకి చేరుతుంది. వాటినే మనం బిళ్లలంటాం. అందుకే వాటిని తీసి పరీక్ష చేస్తారు. ఆ బిళ్లల మధ్యనుంచి ఒక సన్నటి నరం పోతుంది. పక్కటెముకల మధ్యన పుట్టి, చంక దాటి, జబ్బ లోపలివైపు చర్మానికి చేరుతుంది. ఇంటర్‌కాస్టోబ్రేకియల్ నరం అని దాని పేరు. బిళ్లలు తీసేటప్పుడు అది తెగుతుంది, లేకపోతే సాగుతుంది. కండను కదిలించే నరం కాదు కనుక చెయ్యి పడిపోదు. స్పర్శ పోతుంది, అంతే. కానీ తెగిన కరెంటు తీగ ఊరుకుంటుందా? నిప్పురవ్వలు చిమ్ముతుంది. అక్క చెప్పే ‘చీమలు కుట్టడం’ అదే. మనసులో పుట్టిన నొప్పి కాదు, గారాబమూ కాదు.

ఇది ఎంతమందికి ఉంటుందంటారా? డెన్మార్క్‌లో ఆపరేషన్ అయి రెండు మూడేళ్లయిన 3,253 మంది స్త్రీల దగ్గర వివరాలు రాబట్టి 2009లో ప్రచురించారు. వాళ్లలో నూటికి 47 మందికి ఇంకా నొప్పి ఉంది. నలభై లోపు వయసువాళ్లలో, చంకలో బిళ్లలు మొత్తం తీయించుకున్నవాళ్లలో ఎక్కువగా ఉంది. అంత శుభ్రమైన వైద్యం ఉన్న దేశంలోనే సగం మందికి దగ్గరగా బాధపడుతుంటే, ఆళ్లగడ్డలో మా అక్క ఒక్కతే సుకుమారి అనుకోవడం ఎంత అన్యాయం!

నొప్పి సంగతి చెప్పుకోలేకపోవడం మనకొక్కరికే వచ్చిన జబ్బూ కాదు. ఫ్యానీ బర్నీ అని ఇంగ్లీషు నవలా రచయిత్రి ఉండేది. 1811లో పారిస్‌లో ఆమెకు రొమ్ము తీసేశారు. మత్తుమందు లేని రోజులవి. ఆ సంగతి అక్కకు ఉత్తరం రాయడానికి ఆమెకు నెలలు పట్టింది. రాసినదాన్ని తిరిగి చదువుకోవడానికీ ధైర్యం చాలలేదట. అయినా రాసింది. ఆ తర్వాత దాదాపు ముప్ఫై ఏళ్లు బతికింది. కథలు రాసే అలవాటున్నదాన్ని కనుక నాకు ఆ ఉత్తరం మీద గౌరవం ఎక్కువ. మన దగ్గర 2021 డిసెంబరులో నటి హంసానందిని తనకు రొమ్ము క్యాన్సర్ వచ్చిందని గుండు చేయించుకున్న ఫొటోతో సహా లోకానికి చెప్పింది. ఆ రోజు మా వీధిలో ముగ్గురు ఆడవాళ్లు మొదటిసారి ‘రొమ్ము’ అన్న మాటను గొంతు తగ్గించకుండా అన్నారు.

ఇక ఆపరేషన్ గురించి ఒక మాట. పందొమ్మిదో శతాబ్దం చివర్లో అమెరికాలో హాల్‌స్టెడ్ అనే డాక్టరు రొమ్మునూ, కింది కండనూ, చంకలోని బిళ్లలన్నిటినీ తీసేసేవాడు. ఎంత ఎక్కువ తీస్తే అంత మంచిదని లోకం దశాబ్దాలపాటు నమ్మింది. ఇప్పుడు అలా కాదు. నీలం రంగు మందో, స్వల్పంగా రేడియోధార్మికత ఉన్న మందో ఎక్కించి, క్యాన్సర్ మొదట చేరే ఒకటి రెండు బిళ్లల్ని గుర్తుపట్టి వాటినే తీసి చూస్తారు. కాపలా బిళ్లలనుకోండి. వాటిలో జబ్బు లేకపోతే మిగతావి తీయక్కర్లేదు. రొమ్మంతా తీయకుండా గడ్డవరకే తీసి రేడియేషన్ ఇచ్చేవాళ్లలో ఒకటి రెండు కాపలా బిళ్లల్లో జబ్బు ఉన్నా, మిగతావి తీయనంత మాత్రాన ఆయుష్షు తగ్గలేదని 2011లో అమెరికా పరిశీలన ఒకటి చెప్పింది. కాబట్టి ఆపరేషన్‌కు ముందు అడగండి. ‘‘డాక్టరుగారూ, నాకు బిళ్లలన్నీ తీయాల్సిందేనా? కాపలా బిళ్లల పరీక్ష కుదరదా?’’ కుదరకపోవచ్చు. చంకలో బిళ్లలు చేతికి తగిలేంత పెద్దవయ్యాక వచ్చేవాళ్లకు మొత్తం తీయక తప్పకపోవచ్చు. మన ఊళ్లల్లో గడ్డ కనపడ్డ ఆర్నెల్లకు గానీ మొగుడికి కూడా చెప్పని ఆడవాళ్లు ఎందరో! ఆ సిగ్గు ధర చంక చెల్లిస్తోంది.

సరే, ఆపరేషన్ అయిపోయింది, నొప్పి వచ్చింది. ఏం చేయాలి?

మన ఇళ్లల్లో మొదట వినపడే సలహా ‘చెయ్యి కదపొద్దు’. ఇంతకంటే చెడ్డ సలహా లేదు! కదపకపోతే భుజం బిగుసుకుపోతుంది, నొప్పి రెట్టింపవుతుంది. బ్రిటన్‌లో ఇలాంటి స్త్రీలకు ఆపరేషన్ అయిన వారం పది రోజుల నుంచి ఫిజియోథెరపిస్టు దగ్గర పద్ధతిగా వ్యాయామం నేర్పిస్తే ఏడాది తర్వాత చెయ్యి బాగా పనిచేసిందని 2021లో తేల్చారు. గోడకు ఎదురుగా నిలబడి వేళ్లతో సాలీడులా పైకి పాకించడం, ముందుకు వంగి చెయ్యి లోలకంలా ఊపడం, భుజాలు గుండ్రంగా తిప్పడం. ఖర్చు లేదు, పరికరం లేదు. డ్రెయిన్ గొట్టం, కుట్లు ఉన్నప్పుడు ఎంతవరకు చేయొచ్చో డాక్టరునే అడగాలి. అక్క వంటింటి గోడ మీద బొగ్గుతో గీతలు గీసుకుంది. మొదటి వారం గీత స్విచ్చిబోర్డు దగ్గర, మూడో నెలకు క్యాలెండరు మేకు దగ్గర. ఇంట్లోవాళ్లు గోడ పాడయిందని గొణిగారు. గోడదేముంది, సున్నం వేస్తే పోతుంది.

కొందరికి కొన్ని వారాలకు చంకలో నుంచి మోచేతి వైపు చర్మం కింద సన్నని తాడులాంటిది బిగుస్తుంది. చెయ్యి చాపితే లాగుతుంది. క్యాన్సర్ మళ్లీ వచ్చిందని హడలిపోతారు. చాలామందికి అది కొన్ని నెలల్లో వ్యాయామంతో వదులవుతుంది. అయితే ఏది తాడో, ఏది కొత్త గడ్డో మనం తేల్చుకోకూడదు, చూపించుకోవాలి. చెయ్యి ఎర్రబడి వేడెక్కి జ్వరం వస్తే ఆ రోజే వెళ్లాలి. చెయ్యి, వేళ్లు వాచి గాజులు, ఉంగరం బిగుతయితే అదీ ఆలస్యం చేయకూడదు. గాజులు తీయడం అపశకునమని ఆలోచిస్తూ కూర్చుంటే తర్వాత కోయించుకోవాల్సి వస్తుంది.

వేడి కాపడం గురించి గట్టిగా చెప్పాలి. నొప్పి అనగానే ఇసుక మూట, వేడినీళ్ల సంచీ తెచ్చే చేతులు మనవి. ప్రేమతోనే తెస్తారు. కానీ స్పర్శ లేని చర్మానికి కాలింది తెలియదు! బొబ్బలెక్కాక తెలుస్తుంది. రేజరుతోనూ అంతే, తెగినా తెలియదు. జాగ్రత్త.

బరువుల సంగతికి వస్తే, జన్మలో కడవ ఎత్తకూడదని ఆ చేతికి శాపం పెట్టేవాళ్లు ఒకప్పుడు. చెయ్యి వాచిన 141 మంది స్త్రీలతో అమెరికాలో చేసిన పరిశీలన 2009లో వచ్చింది. దగ్గరుండి నేర్పించి, కొద్ది బరువుతో మొదలుపెట్టి మెల్లగా పెంచితే వాపు పెరగలేదు, బలం వచ్చింది. దానర్థం రేపటినుంచి గ్యాసు బండ ఎత్తమని కాదు. అత్తగారూ, ఆడపడుచులూ దీన్ని సగమే చదవొద్దని మనవి! జొన్నరొట్టె తట్టే పని మా అక్కకు ఎనిమిది నెలలకు కుదిరింది. అప్పటిదాకా వాళ్లాయన తట్టాడు. మొదట్లో రాయలసీమ పటంలా వచ్చేవట రొట్టెలు. పిల్లలు తిన్నారు, ఎవరికీ ఏం కాలేదు.

మామూలు నొప్పి మాత్ర నరం నొప్పికి అంతగా పట్టకపోవచ్చు. అమిట్రిప్టిలిన్, గబాపెంటిన్ లాంటి వేరే మందులున్నాయి. వాటితో నిద్రమత్తు, తల తిరగడం ఉండొచ్చు, మోతాదు మెల్లగా పెంచాలి. డాక్టరు రాస్తేనే వాడాలి, పక్కింటావిడ చీటీ చూపించి మందులషాపులో కొనుక్కునేవి కావు. కాకపోతే రాయాలంటే ముందు మనం ‘మంట, తిమ్మిరి, షాకు కొట్టినట్టు’ అని సరిగ్గా చెప్పాలి కదా. ‘ఏదో కొంచెం నొప్పండీ’ అంటే ఏం రాస్తారు?

జాకెట్టు గురించి ఏ డాక్టరూ చెప్పడు. బిగుతు చంక కుట్టు సరిగ్గా ఆ నరం మీదే కోస్తుంది. ఇక్కడ నంద్యాలలో నేను కుట్టించుకునే టైలరమ్మ దగ్గరికి అక్కను తీసుకెళ్లాను. చంక కొలత అంగుళంన్నర వదులుగా, మెత్తటి మల్లు లైనింగు వేసి, కుట్టు బయటివైపు తిప్పి కుట్టింది. ముందువైపు హుక్కులు. వెనక హుక్కులు పెట్టుకోవడానికి ఆ చెయ్యి రాదు కదా. ఫ్యాషన్ కాదు గానీ, ఆ రోజు సాయంత్రం దాకా అక్క జాకెట్టు గురించి ఒక్కసారి కూడా ఎత్తలేదు.

బస్సు ఇంకో పరీక్ష. ఆళ్లగడ్డ నుంచి నంద్యాలకు సుమారు నలభై కిలోమీటర్లు. 2025 ఆగస్టు 15 నుంచి మనకు ఉచిత ప్రయాణం వచ్చింది, సంతోషమే. రద్దీలో నిలబడి పైన కడ్డీ పట్టుకోవాలంటే మాత్రం ఆ చెయ్యి అరుస్తుంది. రొమ్ము తీశారని మొహం మీద రాసి ఉండదు, సీటివ్వమని అడగడానికి సిగ్గు. అక్క ఇప్పుడు అడుగుతోంది. ‘‘చంకలో ఆపరేషనయిందమ్మా, కాస్త జరగండి’’ అంటే చాలామంది జరుగుతారు. ఒకామె ‘చంకలో ఆపరేషనేంటి’ అని అడిగిందట. నంద్యాల వచ్చేదాకా చెప్పింది.

నంద్యాల 2022లో జిల్లా అయింది. 2023లో ప్రభుత్వ మెడికల్ కాలేజీ వచ్చింది. కర్నూలులో ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. రొమ్ముకు ఆపరేషన్ చేయించుకోవడానికి హైదరాబాదుకో, చెన్నైకో పోక తప్పదన్న రోజులు మారుతున్నాయి. నేను అడిగేది పెద్ద యంత్రం కాదు. ఇంటికి పంపేటప్పుడు ఒక్క కాగితం, తెలుగులో, పెద్ద అక్షరాల్లో. చంకలో మంట, తిమ్మిరి రావచ్చని, ఏ వ్యాయామం ఏ వారం చేయాలో, ఏం కనిపిస్తే వెంటనే రావాలో బొమ్మలతో. వారానికి ఒక రోజు ఫిజియోథెరపిస్టు ఆళ్లగడ్డ లాంటి ఊరికి రావాలి. అదీ సోమవారం కాదు, శుక్రవారం కాదు. ఆ రెండు రోజులూ మా వాళ్లకు తలస్నానాలు, పూజలు, ఇల్లు కడగడాలు. బుధవారమైతే బాగుంటుంది. పిల్లలు బడికి వెళ్లాక, పదకొండు గంటలకు.