ఏలీషా వడ్డించిన విందును మన గుప్పెడు బియ్యమును

మిరపకాయలు కల్లములనుండి గుంటూరు యార్డుకు తరలిపోయి, చేతిలో నాలుగు డబ్బులాడు దినములలో మన పల్లెలలో ఉజ్జీవ సభలు పెట్టుకొనుట ఆనవాయితీ. 2025 వేసవిలో నేను కూర్చున్న అట్టి సభ యొకదానిలో ప్రసంగీకుడు వేదికమీద ఇశ్రాయేలు జెండా నిలిపి, వెనుక పెద్ద పటము తగిలించి, గాజాలో పడుచున్న ప్రతి బాంబును ప్రవచనపు లెక్కలో ఒక గడిగా చూపెను. జనులు ఆమేన్ అనిరి. మరుసటి ఆదివారము మా స్త్రీల సమాజమువారు, గుప్పెడు బియ్యపు కానుకలో ఒక నెల భాగమును గాజాలో ఆకలిగొన్న పిల్లల నిమిత్తము పంపుదమా యని అడిగిరి. అప్పుడు పెద్దలలో ఒకాయన లేచి, "దేవుని జనాంగమునకు శత్రువులైన వారికి అన్నము పెట్టుట దేవునితోనే పోరాడుట కాదా అయ్యగారూ?" అనెను.

ఆ పెద్ద కఠినుడు కాడు. కాలువకు నీళ్లు వచ్చినప్పుడు తన ప్రత్తిచేను ఎండుచున్నను పొరుగువాని మడికి వంతు విడిచిపెట్టువాడు. అట్టి మనిషి నోట ఆ మాట వచ్చినందుననే నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఆయనకు ఆ మాట నేర్పినవారెవరు? వేదికలెక్కి మనకు పటములు చూపువారే. కాబట్టి నా వాదము ఆయనతో కాదు, వారితోనే.

సహోదరులారా, రెండవ రాజుల గ్రంథము ఆరవ అధ్యాయము తెరిచి చూడుడి. సిరియా సైన్యము ఏలీషాను పట్టుకొన వచ్చి, కన్నులు మూసికొనిపోయి, షోమ్రోను నడుమ చిక్కుకొనెను. ఇశ్రాయేలు రాజు వారిని నరకుదునా యని ఆత్రపడెను. ప్రవక్త అతని చేయి పట్టి ఆపి, వారికి రొట్టెయు నీళ్లును పెట్టించి, తమ యజమానునియొద్దకు సాగనంపించెను. ఆ విందు తరువాత ఆ సిరియా దండులు ఆ దేశముమీదికి వచ్చుట మానెనని అదే అధ్యాయము చెప్పుచున్నది. ప్రవచనపు పటములు గీయువారు ఈ అధ్యాయమును ఏ గడిలో పెట్టిరో నాకు కనబడలేదు. కరవు కాలమున ఏలీయాను పోషించిన విధవరాలు సీదోను దేశపు సారెపతు స్త్రీయే గదా? క్లౌదియ కాలమున కరవు రాగా అంతియొకయ సంఘమువారు తమ శక్తికొలది చందా పోగుచేసి బర్నబా సౌలుల చేత యూదయకు పంపిరి. అన్యజనుల సంఘము యూదయలోని సహోదరులకు పంపిన సహాయము అది. మన కానుకల పెట్టెకు మూలపురుషులు వారే.

ఇక రెండవ మాట. బైబిలులోని ఇశ్రాయేలు వేరు, 1948 మే 14న ఏర్పడిన ఇశ్రాయేలు ప్రభుత్వము వేరు. ఈ రెండవదానికి పార్లమెంటు ఉన్నది, పార్టీలున్నవి, పన్నులున్నవి. దాని పౌరులే వేలకొలది టెల్ అవీవ్ వీధులలోనికి వచ్చి తమ ప్రధానిని నిందించిరి. వారు యూదులే. వారు చేసినది దేవదూషణ కానప్పుడు, మన పల్లె పెద్ద ఒక పిల్లవానికి గంజి పంపుట దేవదూషణ ఎట్లగును? నాబోతు ద్రాక్షతోట విషయములో ఏలీయా గద్దించినది ఇశ్రాయేలు రాజునే గాని పరదేశిని కాదు. ఆమోసు గాజామీద తీర్పు చెప్పి అంతటితో నోరు మూసికొనలేదు, యూదామీదను ఇశ్రాయేలుమీదను కూడ చెప్పెను. మన ప్రసంగీకులు మొదటి సగము చదివి పుస్తకము మూయుచున్నారు.

నేను ఒక పక్షము పట్టితినని ఎవరైనను అనుకొందురేమో. 2023 అక్టోబరు 7న హమాస్ వారు సరిహద్దు దాటి సుమారు 1200 మందిని చంపి, 251 మందిని చెరపట్టిరి. ముసలివారిని, పసిబిడ్డలను ఎత్తుకొనిపోయిన ఆ పనికి ఏ సమర్థనయు లేదు. యూదులను శతాబ్దములపాటు హింసించిన ఐరోపా క్రైస్తవుల పాపమును మనము మరువరాదు. చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెములో తాము ఎఫ్రాయిము గోత్రపువారమని నమ్మి సబ్బాతు నాచరించు తెలుగు కుటుంబములున్నవి. వారు మన రక్తసంబంధులే, వారి ప్రార్థనను నేను హేళన చేయను. అయితే గాజాలోని తల్లి చేసిన దోషమేమి?

ఆ గాజాలో క్రైస్తవులున్నారని మన సభలలో ఎంతమందికి తెలియును? 2023 అక్టోబరు 19 రాత్రి సెయింట్ పోర్ఫిరియస్ దేవాలయ ఆవరణముమీద దాడి జరిగి, అక్కడ తలదాచుకొన్న 18 మంది చనిపోయిరి. 2025 జూలై 17న హోలీ ఫ్యామిలీ దేవాలయము దెబ్బతిని ముగ్గురు మరణించిరి. గాజా నగరములోని అల్ అహ్లి ఆసుపత్రిని 1882లో స్థాపించినది సి.ఎం.ఎస్. మిషను. 1841లో నోబుల్, ఫాక్సు దొరలను మన మచిలీపట్టణమునకు పంపినదియు ఆ మిషనే. ఒకే తల్లి పాలు త్రాగిన పిల్లలము. 2025 ఏప్రిల్ 13న, మనము మట్టలు పట్టుకొని హోసన్నా అనుచున్న ఆదివారమున, ఇశ్రాయేలు విమానములు ఆ ఆసుపత్రి అత్యవసర విభాగమును కూల్చినవి. అక్కడ హమాస్ స్థావరమున్నదని ఇశ్రాయేలు చెప్పెను, ఆసుపత్రివారిదియు యెరూషలేము బిషపుగారిదియు వేరుమాట. ఇక లూథరన్ సహోదరులారా, ఒలీవకొండమీద ఆగస్టా విక్టోరియా ఆసుపత్రిని నడుపుచున్న లూథరన్ వరల్డ్ ఫెడరేషనులో మన ఆంధ్ర ఇవాంజెలికల్ లూథరన్ సంఘము సభ్యసంఘమే. పుట్టకురుపు వచ్చిన పాలస్తీనీయులకు అది పెద్ద ఆధారము. 2018 సెప్టెంబరులో అమెరికా ప్రభుత్వము తూర్పు యెరూషలేము ఆసుపత్రులకిచ్చు రెండున్నర కోట్ల డాలర్లను నిలిపివేసెను. రాజకీయపు బేరములో రోగుల మంచములు తాకట్టు పడెను.

ఈ తాకట్టు మనకు కొత్త కాదు. 1965, 1966 సంవత్సరములలో మన దేశమునకు వానలు తప్పినప్పుడు పి.ఎల్. 480 క్రింద అమెరికా గోధుమలు రావలసియుండెను. అధ్యక్షుడు జాన్సన్ వాటిని నెలనెలా కొలిచి విడుదల చేసెను. మన వ్యవసాయ విధానము మార్చుకొనవలెనని ఒక కారణము, వియత్నాము యుద్ధమును మన నాయకులు విమర్శించిరని మరియొకటి. ఓడ దిగిన గింజ తిన్నగా నోటికి పోవు దినములవి. మిషను బడిలో పాలపొడి త్రాగిన ముసలివారు ఇంకను మన మధ్య నున్నారు. ఆ పాలు పోసిన క్రైస్తవుల ప్రేమకు కృతజ్ఞత చెప్పుదము. ఆ గోధుమకు త్రాడు కట్టిన రాజనీతిని మాత్రము మెచ్చుకొనజాలము. 2025 మార్చి 2 మొదలుకొని మే 19 వరకు గాజాకు ఆహారపు బండి ఒక్కటియు పోనియ్యక ఇశ్రాయేలు ద్వారములు మూసెను. చెరపట్టబడినవారిని విడిపించుటకు ఒత్తిడి యని చెప్పిరి. చెరపట్టినవారు సొరంగములలో తినుచుండగా పస్తు పడినది పిల్లలు. ఆగస్టు 22న గాజా నగర ప్రాంతములో కరవు వచ్చెనని ఐక్యరాజ్యసమితి సంస్థలతో కూడిన నిపుణుల మండలి ప్రకటించెను. అక్టోబరులో యుద్ధవిరమణ జరిగి బండ్లు పెరిగిన పిమ్మటనే ఆ కరవు వెనుకకు తగ్గెను. బండ్లు పోయినచో కరవు పోవునని దీనివలన తేలినది. అట్లయిన ఆ కరవును ఆకాశము తేలేదు.

త్రాడు కట్టని సహాయము ఎట్లుండునో ఒంగోలు వారికి ఒకరు చెప్పనక్కరలేదు. 1876–78 మహాకరవులో క్లౌ దొరగారు బకింగ్‌హాము కాలువలో ఒక భాగము గుత్త తీసికొని వేలమందికి పనియు కూలియు చూపించెను. బాప్తిస్మమిమ్మని జనులు గుంపులుగా వచ్చి అడిగినను, అన్నము కొరకు వచ్చినవారో ప్రభువు కొరకు వచ్చినవారో తెలియదని ఆయన పదిహేను నెలలు ఎవరికిని ఇయ్యలేదు. సహాయము ముగిసిన తరువాత 1878 జూలై 3న వెల్లంపల్లి యొద్ద గుండ్లకమ్మలో ఒక్కదినమున 2222 మంది బాప్తిస్మము పొందిరి. ఆ గుండ్లకమ్మలో మునిగినవారి మునిమనుమలు నేడు గోధుమకు బేరము పెట్టు రాజనీతికి ఆమేన్ చెప్పుచున్నారు!

అయితే రొట్టె ఒక్కటే చాలునని నేను చెప్పుటలేదు. 1985 జూలై 17న కారంచేడు మాదిగపల్లెలో ఆరుగురిని చంపినప్పుడు మిగిలినవారు చీరాలకు పారిపోయి శిబిరములో తలదాచుకొనిరి. వారికి అన్నము పెట్టినవారు మేలు చేసిరి. కాని గంజితో కడుపు నిండినదని ఆ తల్లులు ఊరుకొనలేదు. న్యాయము కావలెననిరి. ఆ వ్యాజ్యము సుప్రీముకోర్టులో తేలునప్పటికి 2008 వచ్చెను. స్వంత ఇల్లు విడిచి గుడారము క్రింద పండుకొనుట ఏమియో ఎరిగిన జనము మనము. 1949లో ఐక్యరాజ్యసమితి పాలస్తీనా కాందిశీకుల కొరకు ఒక సంస్థను పెట్టినది, అది తాత్కాలికమనే పెట్టినది. డెబ్బదియైదేండ్లు దాటినవి. రాజ్యములు న్యాయము చేయలేక బియ్యపు బస్తాలు పంపి చేతులు కడుగుకొన్నందుననే కదా తాత్కాలికము మూడు తరములాయెను!

మన ప్రభుత్వమును కూడ అడుగుదము. 1956 మొదలుకొని 1967 వరకు మన సిపాయిలు నీలిటోపీలు పెట్టి గాజాలో కాపలా కాసిరి, కొందరు అక్కడనే పాతిపెట్టబడిరి. 2023 అక్టోబరు 22న మన దేశము ఆరున్నర టన్నుల మందులు, 32 టన్నుల సహాయ సామగ్రి పంపెను, మంచిది. 2025 జూన్ 12న కాల్పులు ఆపుమని 149 దేశములు చేయి ఎత్తినప్పుడు మనము ఎత్తక ఊరకుంటిమి. మందు పంపిన చేయి దెబ్బ ఆపుమనుటకు ఎందుకు లేవలేదు? మన రాష్ట్ర ప్రభుత్వము యెరూషలేము యాత్రకు పోవు బీద క్రైస్తవులకిచ్చు సొమ్మును 2019లో అరువదివేలకు పెంచెను. పోయివచ్చినవారు సమాధిరాతిని ముద్దుపెట్టుకొని, యొర్దాను నీళ్లు సీసాలో పట్టి తెచ్చుచున్నారు. అచ్చటి సంఘములను పలుకరించి వచ్చినవాడు నాకు ఒక్కడు కనబడలేదు.

మా పెద్దకు ఏలీషా అధ్యాయము చదివి వినిపించితిని. ఆయన చాలసేపు ఊరకుండి, "ఆ సిరియావారు తిరిగి రాలేదని నిజముగా వ్రాసియున్నదా?" యని అడిగి, తానే కళ్లజోడు పెట్టుకొని మరల చదివికొనెను. ఔననలేదు, కాదనలేదు. బియ్యము మాత్రము కొలిచి వేరే సంచిలో పోయించెను. దానిని అమ్మి ఆ సొమ్ము ఏ త్రోవను పంపవలెనో తెలియక కోశాధికారి పై కార్యాలయమునకు ఉత్తరము వ్రాసెను. జవాబు రాలేదు. స్త్రీల సమాజపు ముసలమ్మ ఒకామె నిన్న దారిలో నన్ను ఆపి, "అయ్యగారూ, పురుగు పట్టకముందే ఏదో ఒకటి తేల్చండి" అనెను.