ఇంగ్లీషుకూ సంధులున్నాయి!

ఇంగ్లీషు పాఠం చదివితే అర్థమవుతుంది. పరీక్షలో మార్కులూ బాగానే వస్తాయి. కాని ఇంగ్లండు దేశస్థుడెవరైనా మాట్లాడుతుంటే వినండి, తెలిసిన మాటలే తెలియనట్టుంటాయి. దీనికి మన విద్యార్థులు రెండు కారణాలు చెప్పుకుంటారు. "వాళ్ళు మాటల్ని మింగేస్తారు" అన్నది ఒకటి, "మనకు ఇంగ్లీషు రాదు" అన్నది రెండోది. ఈ రెండూ సరైనవి కావని నా అభిప్రాయం. మనం ఇంగ్లీషును కంటితో నేర్చుకుంటున్నాం గాని చెవితో నేర్చుకోవడం లేదు. చిక్కంతా అక్కడే ఉంది.

ముందుగా ఒక చిన్న ప్రయోగం చేద్దాం. 'టెన్' అనండి. చివర నాలుక కొన పైపళ్ళ వెనుక ఆనింది, గాలి ముక్కులోంచి వచ్చింది. ఇప్పుడు 'పెన్స్' అనండి. మొదట్లోనే పెదవులు మూసుకున్నాయి. ఇక రెండింటినీ కలిపి 'టెన్ పెన్స్' అని గబగబా పదిసార్లు అనండి. రాబోయే 'ప' కోసం పెదవులు కాస్త ముందుగానే మూసుకుంటాయి. గాలి మాత్రం ఇంకా ముక్కులోంచే పోతూ ఉంటుంది. పెదవులు మూసి ముక్కుతో గాలి వదిలితే వచ్చే ధ్వని ఏది? 'మ'! కాబట్టి 'టెన్ పెన్స్' కాస్తా 'టెమ్ పెన్స్' అవుతుంది. 'హ్యాండ్‌బ్యాగ్'లో 'డ్' జారిపోయి, మిగిలిన 'న్' పక్కనున్న 'బ'ను చూసి 'మ్'గా మారి, 'హ్యామ్‌బ్యాగ్' అని వినిపించేదీ ఇందుకే.

మరో ప్రయోగం. గొంతు మీద వేళ్ళుంచి 'స్‌స్‌స్' అనండి. అదురు ఉండదు. 'జీబ్రా'లోని మొదటి ధ్వనిని సాగదీసి చూడండి, గొంతు అదురుతుంది. ఇంగ్లీషులో బహువచనానికి ఎస్ అక్షరం చేరుస్తారు గదా! 'క్యాట్' చివర గొంతు అదరదు, కనుక అక్కడ అది 'స్'గానే ఉంటుంది. 'డాగ్' చివర అదురుతుంది, కనుక అక్కడ అది జీబ్రాలోని 'జ్' అవుతుంది. అక్షరం ఒకటే, ధ్వనులు రెండు. 'హ్యావ్ టు' అన్నప్పుడు దీనికి తారుమారు జరుగుతుంది. 'ట' అదరని ధ్వని కాబట్టి దాని ముందున్న 'వ్' 'ఫ్'గా మారి 'హ్యాఫ్ టు' అవుతుంది.

ఇదంతా ఎక్కడో విన్నట్టు లేదూ? వాక్ + దేవి = వాగ్దేవి. 'ద' పక్కన చేరి 'క్' 'గ్' అయింది. జగత్ + నాథుడు = జగన్నాథుడు. 'న' పక్కన చేరి 'త్' 'న్' అయింది. తెలుగు వాచకంలో మీరు నేర్చిన సంధులే ఇవి. పాణిని వంటి మన వ్యాకర్తలు వీటికి రెండు వేల ఏళ్ళకు పూర్వమే సూత్రాలు కట్టారు. 'సంధి' అనే మాటనే నేడు ఇతర దేశాల భాషాశాస్త్రజ్ఞులు కూడా వాడుతున్నారు. అంతెందుకు, మన సున్నను చూడండి. పంపులో అది 'మ', పందిలో 'న', గంటలో 'ణ', మంచంలో 'ఞ', పంకాలో 'ఙ'. పక్క ధ్వనిని బట్టి రూపు మార్చుకునే ధ్వనికి ఒకే గుర్తు పెట్టుకున్నాం మనం.

తేడా ఏమిటంటే, సంస్కృతం మారిన ధ్వనిని మారినట్టే రాసుకుంది, ఇంగ్లీషు రాసుకోలేదు. 1476లో ఇంగ్లండుకు అచ్చుయంత్రం వచ్చింది. తర్వాత క్రమంగా స్పెల్లింగు స్థిరపడింది, నోటిమాట మాత్రం మారుతూనే ఉంది. 'కప్‌బోర్డ్' అని రాసేదాన్ని ఆంగ్లేయులు 'కబర్డ్' అంటారు. 'బ' పక్కన 'ప' కరిగిపోయింది, కాగితం మీద మాత్రం మిగిలింది.

"ఇదంతా బద్ధకపు ఉచ్చారణ కాదా?" అని కొందరు పెద్దలు అడుగుతారు. కాదు. బద్ధకమే అయితే అన్ని ధ్వనులూ ఒకేలా చెడిపోవాలి. ఇంగ్లీషులో 'న', 'ట', 'డ' ధ్వనులు పక్కదానికి సులువుగా లొంగుతాయి, 'మ' మాత్రం అలా లొంగదు. 'టెన్ పెన్స్' 'టెమ్ పెన్స్' అవుతుంది గాని, 'సమ్ టీ' 'సన్ టీ' కాదు. ఇంత క్రమం ఉన్నదాన్ని తప్పు అనలేం, నియమం అనాలి.

మరి మనమూ అలాగే పలకాలా? అవసరం లేదు. మన ఇంగ్లీషును స్పష్టంగా మాట్లాడితే చాలు. కాని వినేటప్పుడు ఈ నియమం తెలిసి ఉండాలి. లేకపోతే పదేళ్ళు ఇంగ్లీషు చదివిన విద్యార్థి కూడా ఇంటర్వ్యూలోనో, పై చదువుల తరగతిలోనో ఒక్క వాక్యం అందక తల దించుకుంటాడు. ఆ లోపం అతని తెలివిది కాదు. అతనికెవరూ వినడం నేర్పలేదు.

కాబట్టి ఇంగ్లీషు ఉపాధ్యాయులు వారానికి ఒక పది నిమిషాలు పుస్తకం మూయించి, మాట వినిపించాలి. విన్నదాన్ని విన్నట్టే పిల్లల చేత తెలుగు లిపిలో రాయించి, తర్వాత స్పెల్లింగుతో పోల్చి చూపాలి. దీనికి పెద్ద పరికరాలేమీ అక్కర్లేదు. ఒక రేడియోనో, ఫోనో చాలు. ధ్వనుల్ని నోటిలో పుట్టే చోటును బట్టి వరుసలు కట్టిన వర్ణమాల మనకు చిన్ననాడే చేతికొచ్చింది. క, చ, ట, త, ప వర్గాలు తెలిసిన పిల్లలకు ఇంగ్లీషు సంధులు కొరుకుడుపడని విద్య కావు.