కాలేజీ ఎస్సేకి మన ఇల్లు చాలదా?

ఏటా ఆగస్టు 1న కామన్ యాప్ తెరుచుకుంటుంది. అప్పట్నుంచి డెడ్‌లైన్ల దాకా పన్నెండో తరగతి పిల్లలున్న మన ఇళ్లలో ఒకటే గొడవ. "నా గురించి ఏం రాయాలి? నా లైఫ్‌లో ఏం జరిగిందని?" అంటారు పిల్లలు. "అన్ని క్లాసులకు తిప్పాం, రాయడానికేం లేదంటావేంటి?" అంటారు పెద్దవాళ్లు. జీపీఏ ఉంది, ఎస్‌ఏటీ స్కోరుంది, సంగీతం క్లాసుంది. ఎస్సే దగ్గరికొచ్చేసరికి మాత్రం బండి ఆగిపోతోంది.

మనకిది అలవాటు లేని పద్ధతి. ఎంసెట్ ర్యాంకు కార్డు పట్టుకుని కౌన్సెలింగ్‌కు వెళ్లిన తరం మనది. ఇంట్లో నువ్వేం చేస్తావని అక్కడ ఎవరూ అడగలేదు. ఇక్కడ అడుగుతారు. 1975లో 15 కాలేజీలతో మొదలైన కామన్ యాప్‌లో ఇప్పుడు వెయ్యికి పైగా కాలేజీలున్నాయి. ఏడు ప్రశ్నల్లో ఒకటి ఎంచుకుని 250 నుంచి 650 పదాల్లో రాయాలి. యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా ఎనిమిది ప్రశ్నలిచ్చి నాలుగింటికి జవాబు రాయమంటుంది. ఒక్కోటి 350 పదాలు మించకూడదు. అడ్మిషన్‌కు ఎస్‌ఏటీ స్కోరు అక్కడ చూడనే చూడరు.

అన్నిచోట్లా ఎస్సేతోనే సీటు తేలదన్న మాటా నిజమే. టెక్సాస్‌లో 1997 నాటి చట్టం ప్రకారం క్లాసులో పై పది శాతంలో ఉన్నవాళ్లకు చాలా ప్రభుత్వ యూనివర్సిటీల్లో నేరుగా సీటొస్తుంది. ఆస్టిన్‌లో మాత్రం ఆ గీత 2026 ఫాల్ నుంచి ఐదు శాతం. కానీ మనవాళ్లు ఎక్కువగా ఆశపడే కాలేజీల్లో మార్కులన్నీ దాదాపు ఒకేలా ఉన్న వేలమంది పోటీపడతారు. అక్కడ పిల్లవాడు తన గొంతుతో మాట్లాడే చోటు ఈ ఎస్సేనే.

పెద్ద కథ కోసం వెతుకులాట

ఏమీ తోచకపోతే మనవాళ్లు చేసే పని, కథను కొనడం. వేసవిలో ఇండియా వెళ్లి ఒక ఊరి బడిలో రెండు వారాలు ఇంగ్లిషు చెప్పి, ఫొటోలు దిగి వస్తారు. లేదంటే వేల డాలర్లు పోసి కన్సల్టెంటును పెట్టుకుంటారు. 2024లో నేషనల్ స్పెల్లింగ్ బీ గెలిచిన బృహత్ సోమలాంటి పిల్లలు ఇంటింటా ఉండరు కదా, అందుకే ఏదో ఒకటి తయారు చేయాలని మన ఆత్రం.

కాలేజీలు ఏం అడుగుతున్నాయో ఒకసారి చదవండి. నాయకత్వం గురించి రాయమన్న కాలిఫోర్నియా ప్రశ్న కింద, అది స్కూలు పనులకే పరిమితం కానక్కర్లేదు, ఇంట్లోవాళ్లను చూసుకుంటావా, సాయపడతావా అనే సూచన ఉంటుంది. కామన్ యాప్‌లో పది వరకు యాక్టివిటీలు రాసుకునే చోట కుటుంబ బాధ్యతలకు వేరే గడి, జీతానికి చేసే పనికి వేరే గడి ఉన్నాయి. ఎవరైనా చేసిన మేలు నిన్నెలా సంతోషపెట్టిందో రాయమనే ప్రశ్న కూడా ఉంది. గ్యాస్ స్టేషన్ కౌంటర్లో శనివారాలు నిలబడే అమ్మాయికి, అమ్మ నైట్ డ్యూటీకి వెళ్తే తమ్ముడికి అన్నం పెట్టే అబ్బాయికి ఇంతకన్నా చోటేం కావాలి?

ఒక ఇల్లు అనుకుందాం. ఆర్నెల్లు ఉండి వెళ్దామని నానమ్మ వచ్చింది. సాయంత్రం మాత్రలు చూసే పని మనవడిది. "అర్థమైందా?" అంటే "ఆ, అయింది నాన్నా" అంటుందావిడ. నాలుగు రోజులకు తెలిసింది, డబ్బా మీది ఇంగ్లిషు రాక, అడిగితే పిల్లాడి చదువు పాడవుతుందని, మాత్ర రంగు చూసి వేసుకుంటోందని. రెండు తెల్ల మాత్రలు తారుమారయ్యాయి. ఆ రోజు నుంచి వాడు "అర్థమైందా" అనడం మానేసి, "ఏది ఎప్పుడు వేసుకుంటావో నాకు చూపించు నానమ్మా" అనడం మొదలెట్టాడు. తర్వాత స్కూల్లో చిన్నపిల్లలకు లెక్కలు చెప్పేటప్పుడూ అదే అడిగాడు. ఇందులో విమానం టికెట్టు లేదు, ట్రోఫీ లేదు. ఎదుటివాళ్లు తెలిసినట్టు ఎందుకు తలూపుతారో కనిపెట్టిన ఒక కుర్రాడున్నాడు. కాలేజీ వెతికేది అతణ్నే.

దాచిన సంగతులు

అయితే ఇలాంటివి పిల్లలకు కనిపించాలంటే ఇల్లు వాళ్లకు తెలియాలి. మన ఇళ్లలో ఒక మాట బాగా నాటుకుపోయింది, "నువ్వు చదువుకో, మిగతావి మేం చూసుకుంటాం" అని. ప్రేమతోనే అంటాం. ప్రాజెక్టు అయిపోయి బెంచి మీద కూర్చున్నా చెప్పం. లేఆఫ్ వచ్చినా చెప్పం. మోటెల్లో, కిరాణా షాపులో పద్నాలుగు గంటలు నిలబడి వచ్చిన నాన్న కాళ్ల నొప్పుల సంగతీ చెప్పం. పదిహేడేళ్లు ఆ ఇంట్లోనే పెరిగిన పిల్లకు ఆ ఇల్లు ఎలా నడుస్తోందో తెలియకపోతే, "నా లైఫ్‌లో ఏముంది?" అనడంలో వింతేముంది?

హెచ్‌-4 మీదున్న పిల్లల విషయంలో ఇది మరీ ముఖ్యం. ఉద్యోగాల మీద ఇచ్చే గ్రీన్‌కార్డుల్లో దేశానికి ఏడు శాతం పరిమితి ఉండటంతో మన వరుస ఏళ్ల తరబడి కదలదు. 21 నిండి డిపెండెంట్ హోదా పోతే, ఇక్కడే చదువు సాగాలంటే ఎఫ్‌-1కో మరో వీసాకో మారాల్సిందే. ఫెడరల్ ఆర్థిక సాయం అందదు. ఫాఫ్సా దగ్గరికొచ్చేదాకా ఇదేదీ తెలియని పిల్లలున్నారు. తెలిస్తే దాని గురించి రాస్తారో లేదో వాళ్లిష్టం. కానీ కాలేజీ దరఖాస్తు నింపే వయసొచ్చిన బిడ్డకు తన హోదా ఏమిటో ఇంట్లోనే తెలియాలి.

హార్వర్డ్ కేసు మనవాళ్లకు గుర్తుండే ఉంటుంది. ఆసియన్ పిల్లలకు చదువులో రేటింగు ఎక్కువ, 'పర్సనల్ రేటింగ్' మాత్రం సగటున తక్కువ అని 2018 విచారణలో లెక్కలు బయటికొచ్చాయి. వివక్ష లేదని హార్వర్డ్ వాదించింది. కింది కోర్టులు ఒప్పుకున్నాయి. 2023 జూన్ 29న సుప్రీంకోర్టు మాత్రం అడ్మిషన్లలో జాతిని లెక్కలోకి తీసుకునే పద్ధతిని కొట్టేసింది. అదే తీర్పులో, జాతి తన బతుకు మీద ఎలా పనిచేసిందో విద్యార్థి రాస్తే, అది తన గుణానికో సామర్థ్యానికో ముడిపడి ఉన్నంతవరకు కాలేజీ చూడొచ్చని ప్రధాన న్యాయమూర్తి జాన్ రాబర్ట్స్ రాశారు. అంటే "మా సంస్కృతి గొప్పది" అని రాస్తే చాలదు. ఆ ఇంట్లో నువ్వేం చేశావు, ఏం నేర్చుకున్నావన్నది కావాలి.

రెండు జాగ్రత్తలు. కష్టాలను పెంచి రాయించొద్దు. జాలి పుట్టించడం ఎస్సే పని కాదు, పైగా రాసిందంతా నిజమని దరఖాస్తులో పిల్లలే సంతకం చేయాలి. మనం రాసిపెట్టొద్దు, ఏఐ చేతా రాయించొద్దు. ఏఐ రాసినదాన్ని సొంతదిగా చూపితే మోసం కింద లెక్కేస్తామని కామన్ యాప్ నిబంధనల్లోనే ఉంది. మనం దిద్దిన ఎస్సేలో మన నలభై ఐదేళ్ల గొంతు వినపడుతుంది, చదివేవాళ్లు ఇట్టే పట్టేస్తారు.

మరి మనమేం చేయాలి? ఎస్సే మాట పక్కన పెట్టి, ఆదివారం సరుకులకు వెళ్లేటప్పుడు పిల్లల్ని కారెక్కించుకుని మన సంగతులు చెబుదాం. ఈ దేశంలో మొదటి నెల అద్దె ఎలా కట్టామో, స్టాంపింగ్ భయంతో ఎవరి చివరిచూపుకు వెళ్లలేకపోయామో, ఇప్పుడు ఉద్యోగం ఎలా ఉందో. ఆపైన వాళ్లనే అడుగుదాం, "మన ఇంట్లో నువ్వు లేకపోతే ఆగిపోయే పని ఏది?" అని. చెప్పింది అడ్డు తగలకుండా విందాం. ఈ పని పన్నెండో తరగతి దాకా ఆపక్కర్లేదు, తొమ్మిదిలోనే మొదలుపెట్టొచ్చు. సీటు ఏ కాలేజీలో వచ్చినా ఏడాది తిరిగేసరికి వాళ్లు డార్మ్‌కు వెళ్లిపోతారు. ఆలోగా ఒకళ్ల సంగతి ఒకళ్లకు తెలిసి ఉండటం మంచిది.