పడగొట్టి కట్టడం రిపేరు కాదు

రైలు ఆటలాడే కుర్రాళ్ళ మధ్య ఒక సలహా వేదవాక్కులా చెలామణీ అవుతోంది. రైలు స్టేషన్‌కి చేరకపోతే ఆ చుట్టుపక్కల పట్టాలన్నీ పీకేసి మళ్ళీ వేసుకోమంటారు. సెలవులకి ఛత్రపూర్‌లో మా ఇంటికి వచ్చే మేనల్లుడిదీ ఇదే మాట, బరంపురంలో వాడి స్నేహితులదీ ఇదే మాట. పెద్దవాళ్ళు దానికి ఇంకోటి కలుపుతారు: ఆటే కదా, అందులో తప్పెక్కడుందో వెతుక్కుంటూ కూర్చోవడమెందుకని. లెక్కలు చెప్పుకుని బతికే మనిషిగా ఈ రెండింటినీ నేను ఒప్పుకోలేను. తప్పెక్కడుందో తెలియకుండా పడగొట్టడం రిపేరు కాదు. ఆ అలవాటు పిల్లల దగ్గర్నుంచి తీసుకుపోయేది చిన్నదేమీ కాదు.

మేనల్లుడూ నేనూ ఆడే ఆట ఓపెన్ టీటీడీ. క్రిస్ సాయర్ 1995లో చేసిన ట్రాన్స్‌పోర్ట్ టైకూన్ డీలక్స్‌ని ఆధారం చేసుకుని 2004 నుంచి ఉచితంగా దొరుకుతోంది. పాత కంప్యూటర్ మీద కూడా నడుస్తుంది. అందులో మేం మన లైనే వేసుకున్నాం. ఖుర్దా రోడ్డు దగ్గర బయలుదేరి, చిలికాని ఎడమచేతి వైపు ఉంచుకుని రంభ, హుమ్మా, గంజాం, రుషికుల్య వంతెన, ఛత్రపూర్, జగన్నాథపూర్, బరంపురం, ఇచ్ఛాపురం, పలాస. ఆటలో ఉన్నది బొగ్గు గనే అయినా మా వాడు దానికి ఇసుక గని అని పేరు పెట్టాడు. సముద్రపు ఇసుకలోంచి ఇల్మెనైట్ తీసే కర్మాగారం ఉన్న ఊళ్ళో గని అంటే ఇసుకే గుర్తొస్తుంది మరి.

గొడవ మొదలైంది గూడ్సుతో. బరంపురంలో బయలుదేరిన గూడ్సు ఛత్రపూర్ రావాలి. జగన్నాథపూర్ దాకా వస్తుంది, వెనక్కి తిరుగుతుంది, మళ్ళీ వస్తుంది. రైలు దారి తప్పిందని తెర మీద మాట పడుతుంది. మా వాడు డైనమైట్ బొమ్మ నొక్కి జగన్నాథపూర్ అంతా లేపేశాడు. ఓపికగా మళ్ళీ కట్టాడు. గూడ్సు మళ్ళీ అక్కడే తిరిగింది. మూడోసారీ అంతే. నాలుగోసారి డైనమైట్ మీద వేలు పెట్టబోతుంటే చెయ్యి పట్టుకున్నాను. కట్టే చెయ్యి అదే, ఆ చేతిలో ఉన్న ఊహా అదే. మూడుసార్లు కట్టినా అదే తప్పు పుట్టడంలో వింతేముంది?

ఆ తప్పేమిటో చూస్తే నా వాదన అర్థమవుతుంది. వాడు మెయిన్ లైనుకి అడ్డంగా యార్డు పట్టా వేశాడు. రెండూ ఆట పటంలోని ఒకే గడిలో ఒకదాన్నొకటి కోసుకుని పోతున్నాయి. చూసేవాడికి అది జంక్షను. రైలుకి కాదు. నిలువుగా వచ్చింది నిలువుగా పోతుంది, అడ్డంగా వచ్చింది అడ్డంగా పోతుంది. ఒకదాని మీద నుంచి మరోదాని మీదికి మళ్ళాలంటే ఆ రెండింటినీ కలిపే వంపు ముక్క కావాలి. అది లేదు. అసలు రైల్వేలోనూ అంతే: ఒక లైను మరో లైనుని దాటిపోవడం వేరు, పాయింట్లు పెట్టి కలపడం వేరు. పక్కపక్కన పోతున్నవీ, ఒకదాన్నొకటి కోసుకుంటున్నవీ మన కంటికి కలిసినట్టే ఉంటాయి. రైలుకి దగ్గర అనే మాట తెలియదు. దానికి తెలిసిందల్లా దారి ఉందా, లేదా.

ఇది ఆట తయారుచేసినవాళ్ళ మొండితనం అనుకునేవాళ్ళు ఒక్కసారి నౌపడ గుర్తు చేసుకోవాలి. పర్లాకిమిడి రాజావారు వేయించిన చిన్న లైను 1900లో నడవడం మొదలుపెట్టింది. రెండు పట్టాల మధ్య 762 మిల్లీమీటర్లు. తర్వాత అది గుణుపురం దాకా సాగింది. నౌపడలో దాని పక్కనే హౌరా, మద్రాసు మెయిన్ లైను, 1676 మిల్లీమీటర్లది. పటం చూస్తే పర్లాకిమిడి నుంచి కలకత్తాకి గీత తెగకుండా పోతుంది. కానీ ఆ గీత మీద ఒక్క పెట్టె కూడా అటునుంచి ఇటు రాలేదు. మనుషులు మూటలు దించుకుని రైలు మారారు, సరుకు ఒక బండిలోంచి దించి ఇంకో బండిలోకి ఎక్కించారు. వందేళ్ళు దాటి ఇదే తంతు. గేజి మార్చడానికి 2004లో చిన్న లైను మూసి, పెద్ద పట్టాలు వేసి, 2011 నాటికి గుణుపురం దాకా రైలు పంపారు. ఆ తర్వాతే నౌపడ రైలుకి కూడా జంక్షనయింది.

మా ఆటలో దీనికి చుట్టం కరెంటు లైను. పది మైళ్ళ దారిలో ఒక్క గడి మీద తీగ లేకపోయినా కరెంటు ఇంజను అది దాటదు. బొమ్మ శుభ్రంగా కనిపించాలని మా వాడు తీగలు కనబడకుండా పెట్టుకున్నాడు. ఒకసారి రంభ దగ్గర రైలు నిలిచిపోతే స్టేషనంతా పీకబోయాడు. తీగలు మళ్ళీ కనబడేలా చేస్తే ఖాళీ గడి ఒక్క చూపులో దొరికింది. పీకి ఉంటే ఏం జరిగేది? కొత్త పట్టా తీగతోనే పడేది, రైలు నడిచేది, వాడు గెలిచాననుకునేవాడు. తీగ సంగతి మాత్రం ఎప్పటికీ తెలిసేది కాదు. నాకు భయం ఈ గెలుపంటేనే. పీకి కట్టినా రైలు కదలకపోతే ఇంకోసారి వెతుకుతాం. కదిలిందంటే మాత్రం కారణం మట్టిలో కలిసిపోతుంది.

కొన్నిసార్లు అసలు తప్పే ఉండదు. ఇసుక గని పక్కన స్టేషన్ కట్టి, సరుకు రావడం లేదని వాడు దాన్ని రెండుసార్లు కూల్చాడు. ఆ ఆటలో స్టేషన్ చుట్టూ కొన్ని గడుల మేర మాత్రమే సరుకు అందుతుంది. గని ఆ మేరలోనే ఉంది. కానీ మొదటి రైలు వచ్చి సరుకు కోసం ఆగేదాకా గనివాళ్ళు ప్లాట్‌ఫారం మీద ఒక్క బస్తా కూడా పెట్టరు. రైలు ఇంకా దారిలో ఉండగానే స్టేషన్ లేపేస్తే సరుకు ఎక్కడ పడుతుంది? అక్కడ కావలసింది ఓపిక.

ఎదుటివాళ్ళ మాటలో బలముంది, అది దాచను. నాలుగు గడుల పట్టా అయితే కారణం వెతికే కన్నా మళ్ళీ వేయడమే తొందర. ఆటలో డబ్బూ ఉత్తుత్తిదే. పట్టాలు లోపలికి పోయే స్టేషన్ గొంతే ఇరుకుగా కట్టుకుంటే పడగొట్టక తప్పదు కూడా. కారణం తెలిసి పడగొట్టేవాడితో నాకు పేచీ లేదు. తెలుసుకోవడం బరువని పడగొట్టేవాడితోనే పేచీ. పైగా తొందర అన్నది కూడా లెక్కకి నిలబడదు. జగన్నాథపూర్ మూడుసార్లు కట్టడానికి ఒక మధ్యాహ్నమంతా పోయింది. తప్పు పట్టుకోవడానికి పావుగంట పట్టింది.

ఆ పావుగంటలో చేసింది ఇంతే. మిగతా రైళ్ళన్నీ ఆపేశాం. పెట్టెలు లేకుండా ఒక్క ఇంజను కొని, ఛత్రపూర్ పొమ్మని ఒకే ఆర్డరిచ్చి, దాని వెనకే చూపు నడిపాం. ఎక్కడ తిరిగిందో గుర్తు పెట్టుకున్నాం. తర్వాత ఆర్డరు మార్చి సగం దూరంలోని స్టేషన్‌కి పంపాం. చేరితే ఇవతలి సగం బాగున్నట్టు. మిగిలిన సగాన్ని మళ్ళీ సగం చేశాం. వీధి దీపాలు వెలగకపోతే లైన్‌మన్ చేసే పని ఇదే, ఊరి తీగలన్నీ కోసెయ్యడు. తిరిగిన చోటు దొరికాక ఇంజను ముక్కు మీద కూర్చుని చూడమన్నాను. ఎదురుగా సిగ్నల్ వెన్ను కనిపిస్తోందా? ఒకవైపు సిగ్నల్ తిరగేసి పెడితే అటునుంచి అది గోడే. స్టేషన్‌లోకి కొసనుంచి పోతున్నామా, పక్కనుంచా? ప్లాట్‌ఫారం పక్కకి ఆనించిన పట్టా ఎంత దగ్గరున్నా లోపలికి పోదు. పైనుంచి చూస్తే ఇవేవీ కనబడవు. పట్టా మీద నిలబడాలి.

ఈ లైను మీద పెరిగినవాళ్ళకి ఇదంతా తెలిసిన సంగతే. బరంపురంలో ఎక్కి విజయవాడ పోయేవాళ్ళకి విశాఖపట్నంలో బండి వచ్చిన వైపుకే తిరిగి బయలుదేరడం తెలుసు. ఇంజను ఒక కొసనుంచి రెండో కొసకి మారడం చూసినవాళ్ళకి స్టేషన్ గొంతు ఎటుందో రైలు నడకని అదే నిర్ణయిస్తుందని ఎవరూ విడిగా చెప్పనక్కర్లేదు. 1900లో హేవ్‌లాక్ వంతెన తెరిచేదాకా గోదావరి దగ్గర అటు కొవ్వూరులో పట్టాలున్నాయి, ఇటు రాజమండ్రిలో పట్టాలున్నాయి. నడుమ నీళ్ళు. ఉన్న పట్టాలు పీకి మళ్ళీ వేసుకుంటే ఆ ఖాళీ తీరేది కాదు.

ఇక ఆటే కదా అనేవాళ్ళకి. ఈ మాట బరువుతోనే అంటున్నాను, ఆటనీ మనుషుల ప్రాణాల్నీ ఒక తక్కెడలో పెట్టడం లేదు. 2023 జూన్ 2 సాయంత్రం బాలాసోర్ జిల్లా బహనగా బజార్ దగ్గర కోరమాండల్ ఎక్స్‌ప్రెస్‌కి మెయిన్ లైను మీద నేరుగా పొమ్మని సిగ్నల్ వచ్చింది. పాయింట్లు మాత్రం లూప్ లైనుకి తిరిగి ఉన్నాయి. లూప్‌లో గూడ్సు నిలబడి ఉంది. 290 మందికి పైగా చనిపోయారు. మా ఊరి మీదుగా రోజూ పోయే బండి అది. సిగ్నల్ సర్క్యూట్‌లో మార్పులు చేసినప్పుడు జరిగిన లోపాలే కారణమని రైల్వే సేఫ్టీ కమిషనర్ విచారణలో తేలింది. అంతకు ఏడాది ముందు, 2022 మేలో, అదే ఖరగ్‌పూర్ డివిజన్‌లో ఇంకో స్టేషన్‌లో తప్పు వైరింగ్ వల్ల ఇలాంటి సంఘటనే జరిగిందనీ, అప్పుడే తగిన చర్యలు తీసుకుని ఉంటే ఈ ప్రమాదం జరిగేది కాదనీ ఆ నివేదికే చెప్పింది. ఆ వాక్యం చదివాక రెండు రోజులు నాకు అన్నం సయించలేదు. చూపించే సిగ్నల్ ఒకటి, పట్టా ఉన్న తీరు ఇంకొకటి. ఆ రెంటికీ మధ్య తేడా వెతకడం పిల్లలు నేర్చుకోగలిగిన విద్య. దాన్ని వృథా కాలక్షేపమని ఇంట్లో పెద్దలే కొట్టిపారేస్తుంటే నాకు కష్టంగా ఉంటుంది.

జగన్నాథపూర్‌లో వంపు ముక్క వేశాక గూడ్సు దాటింది. దాటి, ఛత్రపూర్ ప్లాట్‌ఫారం ముందు నుంచే ఆగకుండా పోయింది. మా వాడి మొహం చూడాలి. ఈసారి డైనమైట్ జోలికి పోలేదు, ఆర్డరు తెరిచాడు. రెండో ప్లాట్‌ఫారం కట్టినప్పుడు అది పాత స్టేషన్‌లో కలవకుండా ఛత్రపూర్ ఈస్ట్ అనే వేరే స్టేషన్‌గా పుట్టింది. గూడ్సుకి ఇచ్చిన ఆర్డరు దానిది. పట్టాల్లో ఏ తప్పూ లేదు. పేరు ఒకటి, చోటు ఇంకొకటి.

ఈ వేసవిలో లైనుని నౌపడ దాకా పొడిగించి గుణుపురానికి కలుపుతున్నాడు. మొన్న రాత్రి బరంపురం నుంచి ఫోను చేశాడు. "మావయ్యా, రైలు మళ్ళీ ఆగిపోయింది. ఇంకా ఏదీ పీకలేదు. ఇంజను ఒక్కటే పంపాను. పలాస దాటింది, పూండి దాటింది, నౌపడ ముందర వెనక్కి తిరుగుతోంది."