పైసల్లోనే కదా అంటే ఎలా?

ఏటా ఏప్రిల్‌లో మందుల ధరలు పెరగగానే ఒకే మాట వినిపిస్తుంది: పెరిగింది పైసల్లోనే కదా, ఇంత గొడవెందుకని. 2025లో పెంపు 1.74 శాతమే కాబట్టి ఆ మాటకు ఇంకాస్త ధైర్యం వచ్చింది. 2022లో 10.77 శాతం, 2023లో 12.12 శాతం పెంచుకోనిచ్చిన సంగతి మాత్రం ఎవరూ ఎత్తరు. అసలు ఈ శాతాలన్నీ అత్యవసర మందుల జాబితాలో ఉన్నవాటికే. మార్కెట్లో ఎక్కువ సరుకు ఆ జాబితా బయటే ఉంది. వాటికి ఏడాదికి పది శాతం దాకా ఎవరినీ అడక్కుండా పెంచుకోవచ్చు. అలా పెంచుకుంటూ పోతే ఇవాళ్టి వంద రూపాయల మందు ఎనిమిదేళ్లకు రూ.214 అవుతుంది. బీపీ, షుగరు ఎనిమిదేళ్లతో వదిలే జబ్బులా?

పోనీ జాబితాలో ఉన్న మందుకైనా న్యాయం జరుగుతోందా? నాకు అన్నిటికంటే మంట పుట్టించేది ఇదే. 1995 నాటి మందుల ధరల నియంత్రణ ఉత్తర్వు ప్రకారం తయారీకి ఎంతైందో చూసి, దాని మీద నూరు శాతం వరకు కలిపి ధర కట్టేవారు. 2013లో ఆ పద్ధతి తీసేశారు. ఇప్పుడు మార్కెట్లో కనీసం ఒక శాతం వాటా ఉన్న బ్రాండ్ల ధరల సగటు తీసి, దుకాణదారుకు 16 శాతం కలుపుతారు. ఒకే బిళ్లను నాలుగు కంపెనీలు రెండు, రెండు, మూడు, తొమ్మిది రూపాయలకు అమ్ముతున్నాయనుకుందాం. సగటు నాలుగు, గరిష్ఠ ధర రూ.4.64. రెండు రూపాయలకే గిట్టుతుందని రెండు కంపెనీలు చూపించాక కూడా, అంతకు రెట్టింపు పైచిలుకు ధరకు చట్టమే ముద్ర వేస్తోంది. తొమ్మిదికి అమ్మినవాడి దురాశే ఆ గీతను పైకి లాగింది. ఉల్లిపాయలైతే గిట్టకపోతే పక్క బండికి పోతాం. మందు రాసేది డాక్టరు, రాసిన బ్రాండు మార్చే అధికారం షాపువాడికి లేదు, డబ్బు కట్టేది రోగి. జనరిక్ పేరే రాయాలన్న జాతీయ వైద్య కమిషన్ నిబంధనలను 2023 ఆగస్టులో తెచ్చి, ఆ నెల తిరక్కుండానే పక్కన పెట్టారు. బేరమే లేని చోట మార్కెట్ సగటు న్యాయమైన ధర ఎలా అవుతుంది?

పరిశోధనకు డబ్బు కావాలంటారు. మెట్‌ఫార్మిన్, ఆమ్లోడిపిన్ లాంటి పాత మందుల మీద పేటెంటే లేదు, వాటికి ఈ సాకు చెల్లదు. పేటెంటు ఉన్న మందు సంగతి 2012లో తేలింది. నెలకు సుమారు రూ.2.80 లక్షలున్న క్యాన్సర్ మందు నెక్సావర్‌ను తప్పనిసరి లైసెన్సు కింద హైదరాబాద్ కంపెనీ నాట్కో రూ.8,880కి మించకుండా అమ్మాలని నిర్ణయమైంది. ఇదే హైదరాబాద్ మందుల నగరమైంది 1970 పేటెంట్ చట్టం అండతో, ప్రజల సొమ్ముతో పెట్టిన ఐడీపీఎల్‌లో పని నేర్చినవాళ్లతో. ఆ రుణం గుర్తుంచుకోవాల్సినవాళ్లు ధరల నియంత్రణ అనగానే పరిశ్రమ చచ్చిపోతుందంటున్నారు.

ఆరోగ్యశ్రీ ఉందిగా అంటారు. అది ప్రధానంగా ఆసుపత్రిలో చేరినవాడికి. రోజూ వేసుకునే బిళ్లకు సొంత జేబే గతి. మందుల షాపులో ఐదు బిళ్లలు చాలంటే కత్తెరతో స్ట్రిప్ తెగుతుంది. ఆ ఐదూ అయిపోయాక బీపీ మాత్ర మానేసినవాడికి కిడ్నీలు పోతే, డయాలసిస్ ఖర్చు అదే ఆరోగ్యశ్రీ మీద పడుతుంది. ఏటా పది శాతం పెంచుకునే వెసులుబాటు తీసేయాలి, తయారీ ఖర్చు లెక్కకు తిరిగి రావాలి. లాభం ఎంత ఉండాలో తర్వాత తేల్చుకోవచ్చు. ముందు ఒక్కో బిళ్లకు ఎంత ఖర్చవుతోందో కంపెనీలు బయటపెట్టాలి.