గంగమ్మ దొరసాని అయితే ఫర్వాలేదు, మరియమ్మ నల్లగా ఉంటే తప్పా?

పోయిన డిసెంబరు మొదటి వారంలో క్రిస్మస్ నాటకానికి సామాన్లు కొనడానికి మేము నలుగురం సౌకార్‌పేట వెళ్ళాం. దేవదూతలకు రెక్కలు, జ్ఞానులకు కిరీటాలు, గొర్రెల కాపరులకు గడ్డాలు, జరీ అంచు గుడ్డలు అక్కడి సందుల్లో టోకు ధరకు దొరుకుతాయి. మేకప్ సామాను అడిగితే షాపతను "ఏ వేషానికి?" అన్నాడు. "మరియమ్మకు" అన్నాం. ఇంకో మాట అడగకుండా అన్నిటికంటే తెల్లటి డబ్బా తీసి బల్ల మీద పెట్టాడు. హేరోదుకో? "దానికి డార్క్ షేడ్" అన్నాడు. అతను క్రైస్తవుడు కాడు, బైబిలు చదివినవాడూ కాడు. అయినా మన నాటకాల సంగతి అతనికి బాగా తెలుసు. ఏటా కొంటున్నది మనమే కదా.

ఆ షాపతని మీద కోపగించుకునే హక్కు మనకు లేదు. అదే నెలలో మన యౌవనస్థుల వాట్సాప్ గ్రూపులో ఒక పాత గొడవ మళ్ళీ లేచింది. డిస్నీవాళ్ళు 'ది లిటిల్ మెర్మెయిడ్' సినిమాలో మత్స్యకన్య వేషం హాలీ బెయిలీ అనే నల్లజాతి అమ్మాయికి ఇచ్చారని, కథ పాడుచేశారని, ఎక్కడివో అమెరికా వెక్కిరింత బొమ్మలు మనవాళ్ళు ఫార్వర్డ్ చేశారు. ఆ సినిమా 2023లో వచ్చింది. ఫార్వర్డ్ చేసినవాళ్ళలో ఒక్కరి ఒళ్ళయినా ఆమె ఒంటికంటే తెల్లగా ఉంటుందా అని మాకు అనుమానం. అది అలా ఉంచండి.

"కథ రాసినవాడు రాసినట్టే ఉండాలి" అన్నది వాళ్ళ వాదన. సరే, ఆ వాదనే పట్టుకుందాం. అండర్సన్ 1837లో రాసిన కథలో మత్స్యకన్యకు రాకుమారుడు దక్కడు, చివరికి ఆమె సముద్రపు నురగలో కలిసిపోతుంది. 1989లో డిస్నీ ఆమెకు పెళ్ళి చేసి పంపింది. కథ గుండెకాయనే మార్చేశారు. అప్పుడు కథ పాడైందని ఏడ్చినవాళ్ళను మేము చూడలేదు. చావును పెళ్ళిగా మార్చినా కథ బతికే ఉందట, ఒంటి రంగు మారితే మాత్రం చచ్చిపోయిందట!

వేషాలు మార్చడం అమెరికావాళ్ళ కొత్త పిచ్చి అనుకునేవాళ్ళు మళ్ళీ సౌకార్‌పేటకే రావాలి. ఇంగ్లీషువాళ్ళు కోటలో తమకు వైట్ టౌన్ కట్టుకుని, కోట బయట మనవాళ్ళుండే పేటలకు బ్లాక్ టౌన్ అని పేరు పెట్టారు. తర్వాత ఐదవ జార్జి పేరు మీద అది జార్జి టౌన్ అయింది. ఆ బ్లాక్ టౌన్‌లోనే మింట్ స్ట్రీట్ ఉంది. మచిలీపట్నం నుంచి వచ్చిన రఘుపతి వెంకయ్య నాయుడు తన క్రౌన్ థియేటర్ కట్టింది ఆ వీధిలోనే. మనం తెలుగు సినిమా పితామహుడని చెప్పుకునేది ఆయన్నే. ఆయన కొడుకు ప్రకాశ్ 1921లో 'భీష్మ ప్రతిజ్ఞ' మూకీ తీసి తానే భీష్ముడి వేషం వేశాడు. మరి భీష్ముడి తల్లి గంగ వేషం ఎవరు వేశారు? కాస్టెల్లో అనే దొరసాని!

ఆ రోజుల్లో మన ఇళ్ళ ఆడవాళ్ళు కెమెరా ముందుకు రావడానికి సంకోచించేవారు. అందుకే ఆంగ్లో ఇండియన్, యూదు అమ్మాయిలు పురాణ స్త్రీలయ్యారు. రూబీ మైయర్స్ సులోచన అయింది, రెనీ స్మిత్ సీతాదేవి అయింది. మేము దీన్ని తప్పు పట్టడం లేదు. వాళ్ళు లేకపోతే ఆ సినిమాలే ఉండేవి కావు. మేము అడిగేది ఒక్కటే. గంగమ్మ దొరసాని అయిందని తెలుగు సినిమా చరిత్ర రాసినవాళ్ళెవరైనా సిగ్గుపడ్డారా? వందేళ్ళుగా గర్వంగానే చెప్పుకుంటున్నాం.

ఇప్పుడు ఇంకో అమ్మాయి సంగతి వినండి. తిరువనంతపురంలో పి.కె. రోసీ అనే పులయ కులపు కూలి అమ్మాయి ఉండేది. జె.సి. డానియెల్ తీసిన మొదటి మలయాళం సినిమా 'విగతకుమారన్'లో ఆమెకు నాయర్ స్త్రీ వేషం ఇచ్చాడు. కాపిటల్ థియేటర్‌లో ఆ బొమ్మ పడగానే పై కులాలవాళ్ళు తెర మీద రాళ్ళు వేశారు. ఆమె ఇంటికి నిప్పు పెట్టారు. ఆమె లారీ ఎక్కి తమిళ దేశానికి పారిపోయి, ఆ లారీ డ్రైవరునే పెళ్ళి చేసుకుని, సినిమా మాట ఎత్తకుండా బతికింది. ఆ సినిమా రీళ్ళు కూడా ఇప్పుడు లేవు.

ఈ రెండు సంగతులూ పక్కపక్కన పెట్టి చూడండి. దొరసాని గంగ అయితే పూలు, పులయ పిల్ల నాయర్ అమ్మాయి అయితే రాళ్ళు. వేషం మార్చడం మీద ఎవరికీ ఎప్పుడూ అభ్యంతరం లేదు. కింద కూర్చోవలసినదని తాము అనుకున్న మనిషి పైకి వచ్చి కూర్చుంటేనే కథ పాడవుతుంది.

పై నుంచి కిందికి దిగితే మాత్రం అవార్డులిస్తారు. పేదవాడి వేషం, దళితుడి వేషం, ఎండలో పనిచేసేవాడి వేషం రాగానే తెల్లటి హీరోను తెచ్చి నల్లరంగు పూస్తారు. 2019లో 'సూపర్ 30'లో హృతిక్ రోషన్‌కు పూశారు, 'బాలా'లో భూమి పెడ్నేకర్‌కు పూశారు. 'పరియేరుమ్ పెరుమాళ్'ను హిందీలో 'ధడక్ 2'గా తీసినప్పుడూ హీరో ముఖానికి పూసిన రంగు గురించి విమర్శ వచ్చింది. మన తెలుగుకూ మినహాయింపు లేదు, 'రంగస్థలం' చూడండి. నల్లటి నటులు దేశంలో దొరకలేదా? 2020లో సుహాస్ 'కలర్ ఫోటో'లో హీరోగా చేస్తే జనం చూశారు, దానికి జాతీయ అవార్డూ వచ్చింది. ద్రౌపదికి కృష్ణ అనే పేరు ఒంటి రంగును బట్టే వచ్చింది. మన సినిమాల్లో నల్లని ద్రౌపదిని ఎవరైనా చూశారా? బ్లాక్ అండ్ వైట్ సినిమాల్లో కూడా ఆమె తెల్లగానే ఉండేది, అదొక వింత.

"అయితే అంబేడ్కర్ వేషం కూడా ఎవరైనా వేయొచ్చా?" అని ఒక తమ్ముడు మమ్మల్ని గట్టిగానే అడిగాడు. మంచి ప్రశ్న. జబ్బార్ పటేల్ సినిమాలో అంబేడ్కర్‌గా నటించింది మమ్ముట్టి, మలయాళీ ముస్లిం. దానికి జాతీయ అవార్డు తీసుకున్నాడు, మనమూ చప్పట్లు కొట్టాం. అరవైమంది తినే బంతిలో యాభైమంది ఎప్పుడూ ఒకే ఇంటివాళ్ళయితే, మిగిలిన పది ఆకుల దగ్గర కూడా వాళ్ళే కూర్చుంటామంటే వద్దంటాం. బయట నిలబడ్డవాడు ఒక ఆకు దగ్గర కూర్చుంటే రమ్మంటాం. రెండూ ఒకటే అనేవాడు బయట ఎప్పుడూ నిలబడి ఉండడు.

ఇక మన ఇంటికి వద్దాం. 1978లో 'కరుణామయుడు' వచ్చింది. విజయచందర్ యేసుగా నటించాడు. గలిలయ యూదుడి వేషం ఆంధ్రావాడు వేస్తే ఊరూరా జనం ఏడ్చారు, మారుమనస్సు పొందామని సాక్ష్యాలు చెప్పారు. యేసు ప్రభువు మనలో ఒకడిలా కనబడితే విశ్వాసం ఏమీ చెడిపోలేదని మన పెద్దలే రుజువు చేశారు. కానీ అదే ఇళ్ళ గోడల మీద ఉన్న క్యాలెండరు చూడండి. బంగారు జుట్టు, నీలి కళ్ళు. 1940లో వార్నర్ సాల్మన్ అనే అమెరికా చిత్రకారుడు గీసిన బొమ్మ లోకమంతా పాకి మన ముందుగది దాకా వచ్చింది. నజరేతు వడ్రంగి వేషం యూరోపువాడికి ఇచ్చేశారు. కథ మార్చారని ఏ గ్రూపులోనూ గొడవ లేదు!

మోషే కూషు దేశపు స్త్రీని చేసుకున్నాడని మిర్యాము సణిగింది. సంఖ్యాకాండము 12వ అధ్యాయం తీసి చదవండి. దేవుడు ఆమెకు ఇచ్చిన శిక్ష ఏమిటి? ఆమె హిమంలా తెల్లగా అయిపోయింది. ఈ భాగం మీద ప్రసంగాలు చాలా విన్నాం, నాయకుణ్ణి విమర్శించకూడదనే చెప్పారు. ఆ తెలుపు గురించి ఒక్కరూ మాట్లాడలేదు. పరమగీతములో ఎండకు నల్లబడిన అమ్మాయి తన అందం గురించి తానే చెప్పుకుంటుంది. దాన్ని పెళ్ళి ప్రసంగాల్లో వాడుకుని, పెళ్ళి ప్రకటనలో మాత్రం 'ఫెయిర్' అని రాయిస్తాం.

ఒక సంగతి ఒప్పుకోవాలి. మూడేళ్ళ క్రితం మా నాటకంలో మరియమ్మ వేషం వేస్తానని ఒక అమ్మాయి చెయ్యెత్తింది. వాక్యమంతా కంఠతా వచ్చు, గొంతు బాగుంటుంది. కమిటీలో ఉన్నది మేమే. "లైటింగుకు సరిపోదమ్మా" అన్నాం. సత్రం యజమాని భార్య వేషం ఇచ్చాం, తలుపు తీసి చోటు లేదని చెప్పే వేషం. ఆమె ఆ మాట బాగానే చెప్పింది. జనవరి నుంచి క్వయర్‌కు రావడం మానేసింది. మేము చదువుల ఒత్తిడి అనుకున్నాం, అలా అనుకోవడం మాకు తేలిక కాబట్టి.

ఈసారి ఆ తెల్ల డబ్బా కొనడం లేదు. జ్ఞానుల్లో ఒకడికే నల్లరంగు పూసి నవ్వించే అలవాటూ మానేస్తున్నాం. పాత్రలు ఎంచేటప్పుడు ముందు వాక్యం చదివిస్తాం, ముఖం తర్వాత. మీ సంఘాల్లోనూ వేషాల జాబితా రాసేది ఎవరో, ఏ పిల్లలకు ఏటా గొర్రె వేషమే వస్తోందో ఒకసారి పాత ఫోటోలు తీసి చూసి మాకు రాయండి.

పోయిన ఆదివారం ఆరాధన అయ్యాక ఆ అమ్మాయి ఇంటికి వెళ్ళి మరియమ్మ వేషానికి రమ్మని అడిగాం. ఆమె ఏమీ అనలేదు, కాఫీ తెచ్చి ఇచ్చి లోపలికి వెళ్ళింది. వాళ్ళమ్మ మాత్రం, "ముఖానికి పౌడరు పూయమని పాస్టరుగారి ముందు మాటివ్వండి, అప్పుడు దానితో మాట్లాడతాను" అంది.